పొగ తాగిన కర్ర

ఏలియా అంటే చిల్కానగర్‌ల తెల్వనోళ్లు లేరు. తాగడు, తిట్టడు, చేతిల పనున్నోడు, బంగారమసొంటి మనిషి అంటరు అందరు. నేను కాదన. నేను ఆయన పెండ్లాన్ని, మార్తమ్మను. నాకు తెలిసింది కూడ జర చెప్పనియ్యున్రి. ఆయన చేతిల పని విల్లు చేసుడు. కర్ర విల్లు, బాణం పెట్టి కొట్టేది. ఆ విల్లుకు కావల్సింది పొగ. పొగ ఉండేది నా పొయ్యి కాడ. మా సంసారం మొత్తం గీ మూడు ముక్కలల్లనే ఉన్నది.

మా ఆయనది ములుగు దిక్కు, అడవి అంచున చిన్న ఊరు. వాళ్ల నాయన చేన్లకు కావలి పోయేటోడు. అడవి పందులు మక్కచేన్లను ఆగం జేస్తయి కద, వాటికోసం విల్లు పట్టిండు. పక్క గూడెం కోయోళ్ల దగ్గర చేసుడు నేర్చుకున్నడు. నాయన దగ్గర ఈయన నేర్చుకున్నడు. మా పెండ్లయినంక ఊర్ల పని లేకపాయె. నాచారంల ఇనుప డ్రమ్ములు చేసే కంపెనీల పని దొరికిందంటే మూటముల్లె కట్టుకొని వచ్చినం. ఎనభైల మొదట్ల మాట. అప్పుడు ఉప్పల్ దాటితే చేన్లే, పీర్జాదిగూడ కాడ వరి కోసేటోళ్లు. పట్నం వచ్చేటోళ్లు ఎవలైన గిన్నెలు తెచ్చుకుంటరు, బొంతలు తెచ్చుకుంటరు. ఈయన బస్సు మీద కర్రలు ఏసుకొచ్చిండు. "ఏందయ్యా ఇవి, పాడె కట్టెలా" అని కండక్టరు అడిగితే బస్సుల అందరు నవ్విన్రు. నేను కొత్త పెండ్లికూతుర్ని, తల దించుకొని కూసున్న.

అవి తడ కర్రలు. గొడ్డలికి కామ, కావడికి బద్ద ఆ కర్రతోనే చేస్తరు. ఎంత వంచినా విరగదు, వదిలితే మల్ల చక్కగైతది. అమాస ముంగట నరకాలె, వెన్నెల దినాలల్ల నరికితే పురుగు పడ్తదంటడు. నరికినంక పచ్చిది పనికిరాదు. ఎండల పెడితే నెర్రెలిస్తది, నీడల పెడితే పుచ్చిపోతది. పొయ్యి మీద అటక కట్టి దాని మీద పెట్టాలె. పొద్దున అన్నం, రాత్రికి కూర, నడుమ చాయ్, గట్ల ఆ పొయ్యి పొగ, ఆ సన్న సెగ తాగుకుంట రెండు వానకాలాలు దాటాలె. అప్పుడు కర్ర బెల్లం రంగుకొస్తది, గోటితోని కొడితే ఖణేలుమంటది. దాన్నే పండుడు అంటడు మా ఆయన. ఈ కర్ర పండింది, ఇది ఇంకా పండలే అని మామిడికాయల ముచ్చట లెక్క మాట్లాడ్తడు. చిల్కానగర్‌ల మేము రేకుల ఇల్లు ఏసుకున్నప్పుడు గోడలకు సున్నం కూడ కాలే, ముందుగాల పొయ్యి మీద అటక కట్టిండు. పొగ ఉత్తగ బయటికి పోతున్నదని పొయ్యి కాడి కిటికీకి రేకు కొట్టిండు.

షిఫ్టు నుంచి సైకిల్ మీద వచ్చి, చేతులు కడుక్కొని, చాయ్ తాగి వాకిట్ల కూసునేటోడు. కాళ్ల నడుమ కర్ర ఇరికించుకొని కత్తితోని చెక్కేటోడు. కర్రల ఈనె, అంటే లోపటి నార గీత, ఎటు పోతే కత్తి అటే పోవాలె, ఈనె తెగితే విల్లు ఆడనే విరుగుతది. కత్తి పని అయినంక సీసా పెంకుతోని గీకుడు. గీకంగ గీకంగ సన్న పొట్టు ఆయన మోకాళ్ల మీద రాలేది. పొద్దుగూకే ఏళకు గోడ ముంగట నిలబడి తాడు కట్టి గుంజేటోడు. విల్లు దిక్కు చూడడు, గోడ మీద దాని నీడ చూస్తడు. రెండు దిక్కుల సమంగ వంగిందా లేదా నీడ చెప్తదంట. ఒక దిక్కు జర బిర్రుగ ఉంటే మల్ల కూసొని గీకుడు. దినమంత ఇనుముతోని కొట్లాడి వచ్చినోడు ఇంట్ల కర్రతోని కూసుంటే చూసే నాకు అలుపొచ్చేది. "ఇగ చాలు తియ్యి, జర ఒరుగు" అనేదాన్ని. "ఇదే నాకు ఒరుగుడు" అనేటోడు. ఎవని పిచ్చి వానికి ఆనందం.

చీకటి పడంగనే విల్లుకు తాడు దించేటోడు. తాడు కట్టే ఉంచితే కర్ర వంపుకు అలవాటు పడి బిర్రు పోతదంట. "మనిషికి ఆదివారం ఉన్నది, విల్లుకు తాడు దించుడున్నది" అనేటోడు. "మరి నా తాడు ఎవలు దించుతరయ్యా" అని నేనడిగిన ఒకసారి. నవ్విండు. నేను కూడ నవ్విన, అప్పటికి నవ్వే ఓపిక ఉండె.

మా ఎనక గల్లీల ఉమామహేశ్వర్ సార్ ఉండేటోడు, బడి పిల్లలకు ఆటలు నేర్పే సారు. ఒకనాడు ఈయన గీకుతుంటే స్కూటర్ ఆపి నిలబడ్డడు. సార్ గరీబు ఇండ్ల ఆడపిల్లలను జమ చేసి ఉప్పల్ దాటినంక ఖాళీ జాగల బాణాలు కొట్టుడు నేర్పుతుండె. దుకాణం విల్లులు కొనే తాకత్ ఆ పిల్లలకు లేదు. మా ఆయన తను చేసిన విల్లు ఇచ్చి పంపిండు. దాంతోని ఒక పిల్ల పోటీలల్ల గెలిచింది. ఆ దినం సార్ మిఠాయి తెస్తే, మా ఆయన తినకుండ చేతిల పట్టుకొనే కూసున్నడు, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నాకు కూడ మస్తు సంతోషమైంది, అబద్ధం ఎందుకు. ఇగ అప్పటిసంది సార్ ఏడాదికోపారి అడుగుడు, ఈయన కర్ర తెచ్చుడు. పండినయి దిగుతుండె, పచ్చియి ఎక్కుతుండె. అటక ఖాళీగ ఉన్న దినం లేదు.

అటక కింద నేనుంటి. గల్లీల అందరి ఇండ్లల్ల కిరసనాయిలు స్టవ్వులు వచ్చినయ్. స్టవ్వుకు పొగ ఏడుంటది, అందుకే మా ఇంటికి స్టవ్వు రాలే. తడి కట్టెలు పెట్టుకొని ఊదుగొట్టంతోని ఊదుకుంట కూసునేదాన్ని. కండ్లు మండుతుండె, గోడలు మసి, గిన్నెలు మసి, నా ముక్కు లోపట కూడ మసే. హబ్సిగూడల ఒక బడిల ఆయమ్మగ పనికి పోయేదాన్ని. చిన్న పిల్లలను ఎత్తుకుంటే "ఆయమ్మా, నీ దగ్గర పొగ వాసనొస్తది" అని మొఖం తిప్పుకునేటోళ్లు. పిల్లలు, వాళ్లకేం తెలుసు. నేను దినాం తలకు పోసుకున్నా ఆ వాసన పోకపాయె.

రెండో పిల్ల పుట్టినంక దగ్గు మొదలైంది. మొదట మొదట దగ్గినప్పుడు మా ఆయన ప్రేమగనే అన్నడు, "మా అమ్మ లెక్కనే దగ్గుతున్నవే" అని. వాళ్లమ్మ, అంటే మా అత్తమ్మ, నేను కాపురానికి పోయేటప్పటికే దగ్గుతుండె. తెల్లారగట్ల ఆమె దగ్గు ఇనబడితే ఇంటిల్లిపాది లేసేటోళ్లు, కోడి కూత అక్కర్లేకపోయేది. ఆయన చిన్నప్పటిసంది ఆ దగ్గు ఇనుకుంటనే పెరిగిండు. అమ్మ అంటే దగ్గుతది, గంతే. ఆమె దగ్గి దగ్గి పోయింది. ముసలితనం అన్నరు ఊర్ల. ఏం ముసలితనమో, సగం నెత్తి నల్లగనే ఉండె.

ఒక చలికాలం ఊపిరి ఆడక నేను దవాఖానల పడ్డ. డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి ఇన్నది. "దేని మీద వండుతవమ్మా" అని అడిగింది. కట్టెల పొయ్యి అన్న. "కిటికీ లేదా" అన్నది. ఉన్నదమ్మా, పొగ బయటికి పోవద్దని మా ఆయన రేకు కొట్టిండు అన్న. ఆమె గొట్టం చెవుల కెల్లి తీసి నన్నే చూసింది, నేనేమన్న ఎగతాళి చేస్తున్నన్నేమో అని. "నీకు కావల్సింది మందు కాదమ్మా, గాలి. ఆ పొయ్యి తియ్యకుంటే ఇట్లనే వస్తవు, ఒకసారి వచ్చినంక ఇంటికి పోవు" అన్నది. పొమ్మనలేక పొగబెట్టినట్టు అని సామెత ఉన్నది. మా ఆయనకు నన్ను పొమ్మనాలని ఏ కోశాన లేదు పాపం. పొగ మాత్రం పెట్టిండు.

అదే ఏడాది గ్యాస్ వచ్చింది. ఎన్నడో పేరు రాయించి మర్చిపోయినం, తొంభైల మొదట్ల మా వంతు వచ్చింది. పోయి సిలిండరు తెచ్చుకోవాలె అని ఆయనకు చెప్పిన. ఆయన నా దిక్కు చూడలే, అటక దిక్కు చూసిండు.

"ఒక్క వానకాలం ఆగు మార్తా. ఇవి సగం పండినయ్."

"పోయినేడు కూడ గదే చెప్పినవ్."

"పోయినేడు కర్రలు వేరే. ఇవి వేరే."

"నేననేది కూడ గదే కదయ్యా. ఒకటి దిగంగనే ఇంకోటి ఎక్కిస్తవ్. నీ అటకకు వానకాలం ఎన్నడు ఒడుస్తది? డాక్టరమ్మ ఏం చెప్పిందో ఇన్నవ్ కద. నీకు కర్ర పండాల్నా, నేను బతకాల్నా, ఏదో ఒకటి చెప్పు, నాకు ఓపిక లేదు."

ఆయన లేసి వాకిట్లకు పోయిండు. తెల్లారి నేను బడి నుంచి వచ్చేవరకు కిటికీ రేకు ఊడదీసి ఉన్నది. సిలిండరు సైకిల్ మీద కట్టుకొని తోసుకుంట వచ్చిండు. పొయ్యి రాళ్లు తీసి, జాగంత అలికి, గ్యాస్ పొయ్యి తనే పెట్టిండు. కర్రలు దించి వాకిట్ల పెట్టుకున్నడు. ఒక్క మాట అనలే. మంచోనితోని కొట్లాడుడు మస్తు కష్టం, గెలిచినా గెలిచినట్టుండదు. ఆ పూట నీలం మంట మీద అన్నం ఉడుకుతుంటే కిటికీల నుంచి గాలి వచ్చింది, నాకు ఏడుపు వచ్చింది.

వాకిట్ల మూలకు మూడు రాళ్లు పెట్టి, మీద పాత రేకు కప్పి, కర్రలకు పొగ పెడుదామని చూసిండు. షిఫ్టు నుంచి రాంగనే చాయ్ కూడ తాగకుండ ఆ మంట ముంగట కూసునేటోడు. పక్కింటి కౌసల్యమ్మ రెండు దినాలు ఊకున్నది, ఇగ ఊకోలే. "ఏలియన్నా, ఉతికిన బట్టలన్ని పొగ వాసన. మా పిల్లగాడు తుమ్మి తుమ్మి సచ్చిపోతున్నడు" అన్నది. ఆమె తప్పేం లేదు. గాలి ఎటు కొడితే అటు కూసొని, కౌసల్యమ్మ ఇంట్ల లేనప్పుడు చూసుకొని, గిట్ల ఆ వానకాలం ఎల్లదీసిండు. కర్రకు ఆ మంట పడలే. వంటపొయ్యి నిప్పు వేరు. అది పొద్దున అంటుకుంటది, పగలు బూడిద కింద ఉంటది, మాపటికి మల్ల లేస్తది, దినమంత ఏదో ఒక సెగ ఉంటనే ఉంటది. ఈయన మంట ఒక్కపారి భగ్గుమని, తెల్లారేవరకు సల్లబడి ఉండేది. ఒకనాడు పొద్దున కర్రలు దించి చూసిండు. ప్రతి కర్రకు నెర్రె ఉన్నది. నెర్రె మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి రాసుకుంట పోయిండు, ఒకటినంక ఒకటి. అన్నిటిని కట్టగట్టి కౌసల్యమ్మకు ఇచ్చిండు, నీళ్లు కాగబెట్టుకోమని.

ఆ ఏడు సార్‌కు విల్లులు లేవు. పిల్లలు పాతవాటికి దారం చుట్టుకొని పోయిన్రంట. సార్ పాపం ఏమనలే. మా ఆయన మాత్రం షిఫ్టు నుంచి వచ్చి వాకిట్ల ఉత్తగ కూసునుడు మొదలుపెట్టిండు. చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వకపాయె. మోకాళ్ల మీద పెట్టేటోడు, తీసి సంకల పెట్టుకునేటోడు. కత్తికి తుప్పు పడ్తదని దాన్ని నూరి, వాడకుండ మల్ల గూట్ల పెట్టేటోడు. నాకు చూడబుద్ధి కాకపాయె. నా ఊపిరి నాకొచ్చింది, ఆయన పానం ఎటో పోయింది. చర్చికి పోయినా మోకాళ్ల మీద ఉండి ఏం అడగాల్నో నాకు సమజ్ కాలే.

చలికాలంల ఊరికి పోయిండు, కర్ర కొట్టుకొస్త అని. ఉత్తచేతులతోని వచ్చిండు.

"దొరకలేదా?" అని అడిగిన.

"దొరికింది. అబ్బయ్య ఇంట్ల పెట్టొచ్చిన. ఆడ పొయ్యి ఉన్నది కద."

అబ్బయ్య ఆయన తమ్ముడు, ఊర్లనే ఉంటడు, వాళ్ల నాయన ఇంట్లనే. అబ్బయ్య పెండ్లాం మరియమ్మ నాకు తోడికోడలు, నన్ను అక్కా అంటది, సొంత చెల్లె లెక్కనే. ఆ మాట ఇనంగనే నాకు నెత్తి మీది బరువు దిగినట్టైంది. ఆయన పని ఆగలే, నా ఊపిరి ఆగలే. దేవునికి స్తోత్రం చెప్పుకున్న. ఈయన నెలకో రెండు నెలలకో పోయి కర్రలు అటు ఇటు మర్లేసి వచ్చేటోడు. మొఖంల కళ వచ్చింది. క్రిస్మస్‌కు మరియమ్మకు చీర పంపుదామంటే నేనే ఉప్పల్‌ల దుకాణానికి పోయి ఏరిన, ఆకుపచ్చ మీద పసుపు పువ్వులు.

ఒక వానకాలం గట్ల గడిచింది. కోత పండుగకు ఊరికి పోవాల్సి వచ్చింది. మా దిక్కు చర్చిలల్ల పంట ఇంటికొచ్చినంక కోత పండుగ చేస్తరు, మొదటి వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు తెచ్చి దేవుని ముంగట పెడ్తరు. ఈయనకు కంపెనీల సెలవు దొరకలే. నేనొక్కదాన్నే ఉప్పల్‌ల బస్సెక్కిన. నారపల్లి దాటుతుంటే చేన్లల్ల తెల్ల రాళ్లు పాతి ఉన్నయ్, ప్లాట్లంట. పొయ్యేసరికి పొద్దుగూకింది. మరియమ్మ నేను పంపిన చీరనే కట్టుకొని ఎదురొచ్చింది. బువ్వ తిని, ముచ్చట పెట్టుకుంట నిద్రపోయినం.

తెల్లారగట్ల దగ్గు ఇనబడి మెలకువ వచ్చింది. నేనే దగ్గుతున్నన్నేమో అనుకున్న. లేసి కూసున్న. నేను కాదు. దగ్గు లోపటి అర్ర నుంచి, పొయ్యి కాడికెల్లి వస్తున్నది. మా అత్తమ్మ దగ్గే అది, ఎక్కడ ఆగి ఎక్కడ లేస్తదో నాకు బాగ ఎరుక.

పోయి చూస్తే మరియమ్మ. పొయ్యి ముంగట కూసొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతున్నది. అర్ర నిండ పొగ, కిటికీకి గోనెసంచి కుట్టి ఉన్నది. పొయ్యి మీద గిన్నె లేదు, ఏం లేదు, ఉత్త తడి కట్టె పొగుస్తున్నది. మీద అటకల తడ కర్రలు వరుసగ ఉన్నయ్, బెల్లం రంగు మొదలైంది.

"ఏం వండుతున్నవ్ మరియా?" అన్న.

"ఏం లేదక్కా. బావ చెప్పిండు కద, వంట ఉన్నా లేకున్నా పొయ్యి ఆరనియ్యకు అని. మాపటిసంది ఆరిపోయింది, మల్ల రాజేస్తున్న."

"ఈ దగ్గు ఎప్పటిసంది?"

"గీ వానకాలం నుంచే. సర్దిలే అక్కా. పొద్దున పొద్దున వస్తది, పొద్దెక్కితే పోతది." కండ్లు తుడుచుకొని నవ్వింది. "బావ నన్నొక పని అడిగిండా ఎన్నడన్న? గీ ఒక్కటే కద. నాకేం బరువు."

నాకు కోపం వచ్చింది. ఎవల మీదనో చెప్పలేను. ఆయన మీద, కర్ర మీద, ఉప్పల్‌ల ఆకుపచ్చ చీర ఏరుకుంట నిలబడ్డ నా మీద. పొగ పోయిందనుకున్న నేను. ఏడికి పోయింది? మా ఇంట్ల కెల్లి ఎల్లి ఇంకో ఆడదాని ఛాతిలకు పోయింది. నేను కిటికీ కాడికి పోయి గోనెసంచి పట్టి గుంజిన. కుట్లు తెగినయ్, మసంత నా మొఖం మీద పడ్డది. పీట ఏసుకొని ఎక్కి అటక తాళ్లు విప్పుడు మొదలుపెట్టిన.

"అక్కా, ఏం చేస్తున్నవ్? బావ ఏమంటడో."

"ఏమన్నా నన్నంటడు. నువ్వు బయటికి పోయి జర గాలికి కూసో."

పండుగ మొక్కు చెల్లించుకొని మాపటి బస్సెక్కిన. అబ్బయ్య కర్రల కట్ట బస్సు మీదికి ఎక్కించిండు, "వదినె, అన్నకు తెలుసా" అని అడిగిండు. తెలుస్తది అన్న. పెండ్లయిన కొత్తల ఏ కర్రల ఎనక తల దించుకొని కూసున్ననో, మల్ల ఆ కర్రలతోనే పట్నం వస్తున్న. ఈసారి కండక్టరు ఏమనలే, నా మొఖం చూసే ఊకున్నట్టున్నడు.

తెల్లారి ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి కట్ట గడప ముంగట పెట్టి ఉంచిన. సైకిల్ స్టాండేసి చూసిండు. ఏం అడగకుండ కూసొని ఒక కర్ర తీసుకున్నడు. వాసన చూసిండు. గోటితోని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నడు.

"ఇంకొక్క వానకాలం పడ్తుండె మార్తా."

"మరియమ్మ దగ్గుతున్నది."

"సర్దేమో."

"సర్ది కాదు. మీ అమ్మ లెక్కనే దగ్గుతున్నది."

కర్ర కింద పెట్టిండు. నేను చాయ్ తెచ్చిచ్చిన, అది సల్లారిపోయింది. "చిన్నప్పుడు అమ్మ దగ్గు ఇనబడకపోతే నాకు భయమయ్యేది. అమ్మ లేదేమో అని" అన్నడు. మల్ల, "మనం ఇటొచ్చి, మా నాయన పోయినంక పొయ్యి మీద కర్రలు లేకుండె. అయినా దగ్గింది. కర్రల వల్ల కాదనుకున్న నేను" అన్నడు. ఆ మాట నాతోని చెప్పినట్టు లేదు. నేను కూడ పక్కన గడప మీద కూసున్న. గ్యాస్ వచ్చి ఎన్ని దినాలైనా నా దగ్గు కూడ పూరా పోలే. ఆ సంగతి ఆయనకు ఎరుకనే, అందుకే నా మొఖం చూడకుండ వాకిట్ల కౌసల్యమ్మ ఆరేసిన బట్టల దిక్కు చూస్తున్నడు. నాకు ఆయన మీద కోపం ఉండాల్సింది. లేదు. ఇద్దరం మస్తు అలిసిపోయినం, గంతే.

ఆ కర్రలల్ల మంచిది ఒకటి తీసి, సగం పండినదాన్నే చెక్కిండు. ఎప్పటి లెక్కనే ఈనె చూసుకుంట, సీసా పెంకుతోని గీకి, గోడ మీద నీడ చూసి చూసి చేసిండు. అంత ఓపికగ ఎన్నడు చేసింది నేను చూడలే. తాడు కట్టి గుంజితే రెండు దిక్కుల సమంగనే వంగింది. చీకటి పడంగ తాడు దించిండు. విల్లు చక్కగ కాలే. వంగింది వంగినట్టే ఉండిపోయింది. పండని కర్ర గంతే, బిర్రు ఉండదు, ఒకసారి వంగితే మల్ల లేవదు. ఆయన దాన్ని కాసేపు మోకాళ్ల మీద పెట్టుకొని, లేసి గోడ మేకుకు తగిలిచ్చిండు. మిగిలినయి అబ్బయ్యకే తిప్పి పంపిండు, గొడ్డళ్లకు కామలు చేసుకోమని. మరియమ్మ కిటికీకి సంచి కుట్టొద్దని చెప్పి పంపిండు.

ఎండకాలం ఒడుస్తుంటే ఉమామహేశ్వర్ సార్ వచ్చిండు. కొత్తగ ఆడపిల్లలు చేరిన్రంట, చేతులు బాగున్నయంట, విల్లులే లేవంట.

"ఏలియా, తొందరేం లేదయ్యా. వచ్చే ఏడైనా, ఆ మీదటేడైనా సరే. నువ్వు కర్ర తెచ్చి పెట్టు, పండనియ్యి. ఆ పిల్లలు ఎదురుచూస్తరు" అన్నడు.

మా ఆయన గడపల నిలబడి ఉన్నడు. అటక దిక్కు చూసిండు. ఆడ ఇప్పుడు పిల్లల పాత పుస్తకాలు, ఉల్లిగడ్డల బుట్ట ఉన్నయ్. సార్ అంటే ఆయనకు పానం, ఆ పిల్లలంటే ఇంకా పానం. వచ్చే ఏడు అని నోటిదాక వచ్చిందేమో, పెదవులు కదిలినయ్. నేను పొయ్యి కాడ ఊపిరి బిగపట్టుకొని నిలబడ్డ.

"మా ఇంట్ల పొగ లేదు సార్" అన్నడు.

సార్‌కు సమజ్ కాలే. "పొగేందయ్యా, కర్ర గురించి కద నేనడిగింది" అన్నడు.

"పొగ లేకుంటే కర్ర పండదు సార్. మా ఇంట్ల లేదు. ఇంకొకరింట్ల పెట్టబుద్ధి అయితలేదు."

నాకు దగ్గు వచ్చింది. మెల్లగనే దగ్గిన, అయినా ఆయనకు ఇనబడ్డది, ఇటు తిరిగి చూసిండు. నేను కొంగుతోని మూతి తుడుచుకొని, గ్యాస్ ముట్టిచ్చి, సార్‌కు చాయ్ పెట్టిన.